గచ్చి మీది రెండు గాడులు

కామాటిపుర, బొంబాయి.
16 ఏప్రిల్ 1989, ఆదివారం.

ధారావిలో ఉంటున్న సాయిలుకు,

రత్నాబాయి నమస్కారాలు. ఇక్కడ అమ్మ, నాన్న, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, నర్సమ్మత్త కూడా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. బావా అని మొదలుపెట్టాలా, పేరు రాయాలా అని చాలాసేపు ఆలోచించి చివరికి పేరే రాశాను. ఎనిమిదేళ్లు మాటల్లేని మనిషిని వరస పెట్టి పిలవడానికి చేయి రాలేదు. ఏమీ అనుకోకు. అనుకున్నా నేను చేయగలిగిందేమీ లేదు.

ఈ ఉత్తరం ఎందుకో నీకు తెలిసే ఉంటుంది. మొన్న గురువారం మీ అమ్మ మా ఒంటిగది ఖోలీకి వచ్చింది. అరటిపళ్లు, పూలు, ఒక జాకెట్టు గుడ్డ తెచ్చింది. చాలా రోజులుగా రాని మనిషి గడప దగ్గర నిలబడేసరికి మా అమ్మ మల్లమ్మ చేతిలో పని వదిలేసి లేచి నిలబడింది. మీ అమ్మే లోపలికి వచ్చి కూర్చుని, "అన్నా, వదినా, మా సాయిలుకు మీ రత్నను అడగనీకి వచ్చిన" అంది. అమ్మ ఏడ్చింది. సంతోషంతోనే అనుకుంటాను. నాన్న మాత్రం చాయ్ కప్పులోకి చూస్తూ, "బిడ్డ ఇష్టం" అన్నాడు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ మీ అమ్మ కూర్చున్నంతసేపూ పైకప్పు వైపు చూస్తూనే ఉంది. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగింది: "గచ్చి మీద మీ నాయిన ఏసిన ఆ సిమెంటు ఇంక ఏమన్న ఉన్నదా బిడ్డా, అంత తీసేసిండా?"

పిల్లను అడగడానికి వచ్చిన మనిషికి మేడ మీది సిమెంటుతో ఏం పని? అది తనకు తోచి అడిగిందా, నువ్వు అడగమని పంపావా? మూడు రోజులుగా నాకు ఇదే ఆలోచన.

ఇంకొకటి. క్రితం ఏడు దాదర్‌లో మన తెలుగువాళ్ల పెళ్లిలో నిన్ను చూశాను. నువ్వూ నన్ను చూశావు. చూసి, స్తంభం అవతలికి తప్పుకున్నావు. భోజనాల దగ్గర నేను కూర్చున్న వరసలో ఖాళీ ఉన్నా వేరే వరసకు వెళ్లావు. అలా తప్పుకున్నవాడు ఏడాది తిరిగేసరికి పెళ్లి అడిగిస్తే నమ్మమంటావా? మీ రేకు డబ్బాల కార్ఖానాకు పైన మాళా, ఇంకో అంతస్తు, కట్టుకోవాలని చూస్తున్నావని మా పక్క ఖోలీ గంగాబాయి చెప్పింది. చెబుతూనే, నాన్న తాపీపని ఊరికే దొరుకుతుందన్నట్టు, "గౌండి మామ అయితె పని ఊకెనే అయితది కదా" అని నవ్వింది. తను నవ్వులాటకే అంది. నాకు నవ్వు రాలేదు.

నీ మనసులో ఏముందో తెలియాలి. అడిగే ముందు, ఆ ఎండాకాలం నాకు ఎలా గుర్తుందో రాస్తాను. నీకు మరోలా గుర్తుంటే నువ్వూ రాయి.

మనకు పన్నెండేళ్లు. శుక్రవారం వస్తే చోర్ బజార్. గల్లీల్లో ఏరిన ఖాళీ సీసాలు పాత సామాన్ల భంగారు దుకాణంలో వేసి, ఆ చిల్లరతో ఫుట్‌పాత్ మీది కుప్పల ముందు గొంతుకూర్చునేవాళ్లం. తుప్పు పట్టిన తాళాలు, ఫ్యాన్ రెక్కలు, చేతులు ఊడిన బొమ్మలు, వాటి అడుగున ఎక్కడో అగ్గిపెట్టెంత ఇనుప కార్లు. ఓడల మీద వచ్చినవని అమ్మేవాడు చెప్పేవాడు. ఒక్కో కారును నువ్వు అరచేతిలో దొర్లించి, చెవి దగ్గర పెట్టుకుని, చక్రం చప్పుడు విని, "ఇది ఉరకదు" అనో "ఇది ఉరుకుతది" అనో చెప్పేవాడివి. నేను నీ మాట వినేదాన్ని కాదు. నాకు రంగు నచ్చితే చాలు. నా బిస్కెట్ల డబ్బాలో వెనక చక్రం లేని ఎర్ర బస్సు ఉండేది, తలుపు ఊడిన అంబులెన్సు, ఒక ఆకుపచ్చ జీపు ఉండేవి. ఆ తర్వాత పైకప్పు లేని పసుపు కారు దొరికింది. పట్టుకుంటే వంటింటి పసుపులా చేతికి రంగు అంటేది. అందుకే నువ్వు దానికి హల్దీ అని పేరు పెట్టావు.

హల్దీ మొదట్లో ఉరకలేదు. నువ్వు చెప్పినట్టే చక్రాలు పట్టేసి ఉండేవి. నేను కొబ్బరినూనె వేశాను, ఇంకా మందగించింది. నూనెకు దుమ్ము అంటుకుంటోందని నాకు నేనే కనిపెట్టాను. దూదితో నూనెంతా తుడిచి, పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి వేశాను. ఆ రోజు ఖోలీల ముందు గ్యాలరీ ఈ చివర వదిలితే బాత్రూముల దాకా పోయింది. ఈ కిటుకు నీకు కూడా చెప్పలేదు. పందెంలో ఎవరిది వాళ్లకే ఉండాలి కదా.

నువ్వేమో కార్లు కొనడం మానేశావు. మీ నాన్న పోయాక మీ అమ్మ ఒక్కతే, మా నాన్న చేతి కింద తట్ట మోసేది. సీసాల చిల్లర నువ్వు ఇంట్లో ఇచ్చేస్తున్నావని నాకు తెలుసు, నేనెప్పుడూ అనలేదు. నువ్వు నూనె డబ్బా రేకు కత్తిరించి, సోడా మూతలు చక్రాలు చేసి, గొడుగు పుల్లకు గుచ్చి కారు తయారు చేశావు. మన చాల్‌లో అన్ని ఖోలీల పిల్లలూ నవ్వారు. అది ఉరకడం చూశాక నవ్వు ఆపారు. మా నాన్న పని నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఆ కారును చేతిలో తిప్పి తిప్పి చూడటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. "వీని చెయ్యి చూడుండ్రి" అన్నాడు అమ్మతో. నా హల్దీని ఆయన ఒక్కసారి కూడా అలా చూడలేదు. నాకు కోపం వచ్చింది కూడా.

ఆ ఏడు వానలకు ముందు మన చాల్ గచ్చి కురవకుండా బాగుచేసే పని నాన్నకు ఇచ్చారు. పని అయ్యాక కొంచెం సిమెంటు, ఇసుక మిగిలాయి. నాన్న వాటిని నీళ్ల ట్యాంకు దిమ్మె ఎత్తు నుంచి దాని పక్కగా కిందికి వాలుగా పరిచి, తడి మీద చెక్క నొక్కి పొడుగునా రెండు గాడులు తీశాడు. మెట్ల మీద పలక ఆనించి కార్లు వదిలే మనకు అది రాజమార్గంలా కనిపించింది. అది ఆరేదాకా కాకులు తొక్కకుండా ఇద్దరం కాపలా కూర్చున్నాం. నీది ఎడమ చేయి వాటం కాబట్టి ట్యాంకు వైపు గాడి నీది, పిట్టగోడ వైపు గాడి నాది అని మొదటి రోజే నాన్న పంచాడు. మోచేతులు తగలకుండా ఉంటాయన్నాడు. అప్పుడు నువ్వూ సరేనన్నావు.

మే నెలంతా అదే ఆట. పక్క గల్లీల నుంచి కూడా పిల్లలు డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లందరూ నీ దగ్గరో నా దగ్గరో ఓడిపోయి పోయేవాళ్లు. చివరికి మిగిలేది మనిద్దరమే. మన ఇద్దరిలో గెలిచేది హల్దీ. వెంట్రుకవాసి తేడాతోనే, కానీ ప్రతిసారీ హల్దీయే.

బడి తెరిచే ముందు రోజు పెద్ద పందెం పెట్టాం. మబ్బు పట్టింది. ఉతికిన బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు, చాల్ పెద్ద లస్మయ్య తాత, మీ అమ్మ, మా అమ్మ అందరూ గచ్చి మీదే ఉన్నారు. గాడుల చివర అడ్డంగా పెట్టిన ఇటుకకు హల్దీ ముందు తగిలింది. నీ కారు దాని వెనకే వచ్చి తగిలింది. నువ్వు బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి గాడుల వెంట పైకి చూశావు. లేచి, అందరి ముందు అన్నావు.

"దీంట్ల లోచా ఉన్నది. చంద్రయ్య మామ బిడ్డ దిక్కు వాలు పెట్టిండు. అందుకే గాడులు తనే పంచిండు."

మీ అమ్మ నీ భుజం పట్టుకుని ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. నువ్వు మళ్లీ అన్నావు: "నీళ్లు పొయ్యుండ్రి. రెండిట్ల ఒక్కసారె పొయ్యుండ్రి. ఏ దిక్కు ముందుగాల దిగుతయో చూద్దం."

లస్మయ్య తాత, "పోరడు అడిగిండు, పొయ్యి చంద్రయ్యా. ఏం పోతది?" అన్నాడు. ఎవరో చెంబు నింపి తెచ్చారు కూడా.

మా నాన్న వచ్చి రెండు కాళ్లూ రెండు గాడుల మీద పెట్టి నిలబడ్డాడు. "వద్దు. పందెం అయిపోయింది. అందరు కిందికి నడువుండ్రి" అన్నాడు. ఆయన మొహంలో కోపం ఉంటే నాకు బాధ ఉండేది కాదు. నాకు కనిపించింది భయం. మోయలేనంత బరువు ఎత్తేటప్పుడు కూడా నేను ఆయన మొహంలో భయం చూడలేదు.

మర్నాడు మనం బడికి వెళ్లి వచ్చేసరికి ఆయన సుత్తి, ఉలి తీసుకుని ఆ వాలంతా పగలగొట్టి, పెళ్లలు తట్టల్లో నింపి దింపేశాడు. ఇక ఎవరూ కొలిచి చూడటానికి వీల్లేకుండా పోయింది. అమ్మ అడిగితే, "పిల్లల ఆటకు పెద్దోళ్లకు కొట్లాటెందుకు" అన్నాడు. అంతే.

తర్వాతది నీకు సగమే తెలుసు. మీరు దసరా నాటికి ధారావిలో మీ సొంత మేనమామ దగ్గరికి వెళ్లిపోయారు. ఇక్కడ మిగిలింది మేము. చేయనివాడు నీళ్లు ఎందుకు పోయనివ్వలేదని ప్రతి ఖోలీలోనూ మాట్లాడుకున్నారు. "చంద్రయ్య మట్టం వంకర" అనేది ఈ గల్లీలో ఒక నవ్వులాట మాట అయిపోయింది. కుళాయి దగ్గర కొత్త అరుగు కట్టే పని లస్మయ్య తాత వేరే గౌండిని పిలిచి చేయించాడు. ఆ అరుగు మీద బిందె పెట్టి రోజూ నీళ్లు పట్టింది నేనే. నన్ను చూసి మగపిల్లలు, "అయ్య గెలిపిచ్చిన బిడ్డ వచ్చింది" అనేవాళ్లు.

నాన్న ఒక్కసారి కూడా లేదని అనలేదు సాయిలూ. అదే నన్ను తినేసింది. లేదని అంటే నేను నమ్మేదాన్ని. అందుకే నేనూ అనుమానపడ్డాను. హల్దీ గెలిచిందా, వాలు గెలిపించిందా? పెన్సిల్ పొడి వేసి నాకు నేను మురిసిపోయానా? డబ్బా ఎత్తి గంగాబాయి పిల్లలకు ఇచ్చేశాను. టెన్త్ పాసైన రోజు కూడా, పేపర్లు దిద్దినవాళ్లకు నాన్న తరఫున ఎవరైనా చెప్పి ఉంటారా అని పిచ్చి ఆలోచన వచ్చింది. తట్టలు మోయించే మనిషికి అంత పలుకుబడి ఎక్కడిది? అయినా వచ్చింది. ఇప్పుడు రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కుట్లు సరిచూసే పని నాది. సేఠ్ నా పని బాగుందంటే, ఎందుకంటున్నాడో అని ముందు అనుమానిస్తాను. ఆ తర్వాతే సంతోషిస్తాను.

ఇప్పుడు అడుగుతున్నాను. మా నాన్న మోసం చేశాడని నువ్వు ఇంకా నమ్ముతున్నావా? నమ్ముతూనే నన్ను అడిగించావా? అలా అయితే రేపు నీ ఇంట్లో కూర చప్పగా ఉన్న రోజున, కోపం వచ్చిన రోజున, నీ నోటి నుంచో మీ అమ్మ నోటి నుంచో ఆ మాట మళ్లీ వస్తుంది. మా నాన్నను దొంగ అనుకునే ఇంట్లో నేను దీపం పెట్టలేను. నమ్మడం మానేశావా? అయితే ఎప్పుడు, ఏం చూసి? మానేసినవాడివి ఈ గల్లీ దాకా వచ్చి ఆయనతో ఒక్క మాట అనడానికి ఏం అడ్డం వచ్చింది? జాలితో అడిగించావా? అయితే జాకెట్టు గుడ్డ తిరిగి పంపిస్తాను. ఇంకా కుట్టించలేదు.

అమ్మకు ఈ సంబంధం ఇష్టం. నిన్ను ఎత్తుకుని తిప్పిన చేతులవి. అయినా ఆమె కోసమని నేను ఊరుకోను. తిన్నగా, దాచకుండా జవాబు రాయి. మీ అమ్మతో చెప్పి పంపకు. నీ చేత్తో రాయి.

మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

జవాబు వస్తుందో రాదో అని అనుకుంటూనే ఎదురుచూసే,
రత్నాబాయి.

తా.క. ఇది మంగళవారం రాస్తున్నాను. నిన్న పొద్దున ఉత్తరం డబ్బాలో వేద్దామని బయలుదేరితే నాన్న ఆపాడు. ఆయనకు చదువు రాదని నీకు తెలుసు. "ఏం రాసినవో సదువు. నా మీద రాసినవు కదా" అన్నాడు. దాచడం ఇష్టం లేక గ్యాలరీలో నిలబడి మొత్తం చదివాను. నేనూ అనుమానపడ్డానని రాసిన చోటు దాటేద్దామనుకున్నాను. అయినా చదివాను.

ఆయన గ్యాలరీ కటకటాల మీద చేతులు ఆనించాడు. తర్వాత, "నువ్వు గూడ అనుకున్నవా బిడ్డా?" అన్నాడు. నేను తలూపాను.

"వంకరే. నేనే వంకర తీసిన. కాని నీ దిక్కు కాదు, ఆ పోరని దిక్కు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. ఆయన మాటలే రాస్తున్నాను.

"మీయి విలాయతి కార్లు. వానిది సోడా మూతల కారు. అది చేత్తోని చేసిండు, తండ్రి లేని పోరడు. ఎంత మంచిగ చేసినా మీ ఇనుప కార్లతోని ఎట్ల ఉరుకుతది? ట్యాంకు దిక్కు గాడికి జరంత వాలు ఎక్కువ పెట్టిన. గెలుస్తడనుకున్న. అందరి మీద గెలిచిండు, నీ మీదనే గెలువలే. నువ్వు ఏం చేసినవో, ఎట్ల ఉరికిచ్చినవో నాకు ఇప్పటికి తెల్వది."

నీళ్లు ఎందుకు పోయనివ్వలేదని అడిగాను.

"పోస్తే వాని దిక్కే ముందుగాల దిగుతుండె. అంతమంది ముంగట వాని మొకం ఏం గావాలె? వాలు ఇచ్చినా ఓడిండని గల్లీ అంత నవ్వుతుండె. పన్నెండేండ్ల పోరడు బిడ్డా. నన్ను అంటె అననీ అనుకున్న."

మరి నాకెందుకు చెప్పలేదు అంటే, "నీకు చెప్తె ఊకుంటవా? ఆ దినమే గల్లీ అంత చాటుతుంటివి" అన్నాడు. నిజమే. చాటేదాన్నే. ఏడుస్తూనే నవ్వు వచ్చింది.

ఇది నీకు రాయవద్దని ఆయన మాట తీసుకున్నాడు. ఆ మాట నేను నిలబెట్టుకోవడం లేదు. నీ మొహం కాపాడటానికి ఇన్నేళ్లు ఆయన తన మొహం ఇచ్చాడు. ఇప్పుడు నువ్వు పన్నెండేళ్ల పోరడివి కాదు.

కాబట్టి పైన అడిగిన ప్రశ్నలకు జవాబు రాయనక్కరలేదు. వచ్చే ఆదివారం నువ్వే రా. పగలు, అందరూ గ్యాలరీల్లో కూర్చుని ఉండే వేళకు రా. లస్మయ్య తాత ఇంకా ఉన్నాడు, ఆయన వినేలా మా నాన్నతో మాట్లాడు. పెళ్లి మాట ఆ తర్వాత చూద్దాం. నేను ఇంకా ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే తెలుసుకో. వాలు నీకు ఇచ్చారు. గెలిచింది నేను.